తలుపు మీద గడ్డి కట్ట

రాణిగారి పరివారం రేపు ఊళ్ళో దిగుతుందనగా, జీనులు కుట్టే ఆంబ్రోస్ ఇల్లు. మంచం మీద నెలలు నిండిన అతని భార్య సిసిలీ.

"తలుపుకి ఏం కట్టావు? సుత్తి చప్పుడు వినిపించింది."

"ఏం లేదు. పడుకో."

"ఆంబ్రోస్."

"గడ్డి కట్ట."

"ప్లేగు ఇళ్ళకి కట్టేదా?"

"అదే. నిన్న రాణిగారి మనుషులకి బసలు చూసే అధికారి మన తలుపు మీద సుద్దతో గీసి పోయాడు కదా, ఈ గదీ ఈ మంచమూ ఎవడో దొరగారికని. నువ్వేమో గొడ్లపాకలో కనాలి. ఇప్పుడు రమ్మను చూద్దాం."

"నీకు మతి పోయింది."

"నాకా? రాజభవనంలో మరుగుదొడ్లు నిండి, కంపు భరించలేక ఊళ్ళ మీద పడతారు వీళ్ళు. దానికి యాత్ర అని పేరు. మన ఊరి వెధవలు వీధికి ఇసక పోసి, గోడలకు సున్నం కొట్టి, నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు."

"నెమ్మదిగా. నడుం పట్టేస్తోంది."

"రాణిగారి తండ్రి, ఆ రాజుగారు, దొడ్డికి కూర్చుంటే తుడవడానికి ఒక దొర ఉండేవాడట. ఆ కొలువు కోసం పెద్ద వంశాలవాళ్ళు కొట్టుకునేవాళ్ళట. ఆ జాతికి నా మంచం ఇవ్వాలా?"

"వాళ్ళ సంగతి వదిలెయ్. మంత్రసాని పెట్రనెల్‌కి కబురు పెట్టావా?"

"పొద్దున్నే పెట్టాను. వస్తోంది."

"గడ్డి సంగతి చెప్పావా?"

"కబురు పెట్టాక కట్టాను. వచ్చాక గుమ్మంలో చెప్తాలే."

"గుమ్మం దాకా వస్తుందా? పోయినసారి బిడ్డ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి సర్ది నన్ను బతికించింది ఆవిడే. ఊళ్ళో ఇంకెవరికీ ఆ పని రాదు. వెళ్ళి విప్పెయ్."

"మరి దొర?"

"వాణ్ణి మంచం మీద పడుకోనీ, నేను నేల మీద కంటాను. ముందు విప్పెయ్."

"ఆంబ్రోస్, తలుపు తియ్యకు. బయట నేను, ఊరి కావలి హంఫ్రీని."

"ఆ మేకుల చప్పుడేంట్రా?"

"నీ తలుపుకి పలకలు కొడుతున్నాం. ఊరి పెద్ద ఆజ్ఞ. దారి చూడ్డానికి ఒకరోజు ముందొచ్చిన రాణిగారి రౌతు నీ గడ్డి చూసి గుర్రం తిప్పేశాడు. పరివారమంతా ఇక కొండ దారిన పోతుందట."

"విన్నావా సిసిలీ? గుప్పెడు గడ్డితో రాణిని వెనక్కి తిప్పాను. ఒరే హంఫ్రీ, మా ఇంట్లో ఏ రోగమూ లేదు. ఆ దండుని తప్పించుకోవడానికి కట్టాను. మేకులు పీకు."

"రోగం ఉన్న ప్రతివాడూ అదే అంటాడు. నలభై రోజులు ఈ తలుపు తెరవం. రొట్టె కిటికీలోంచి ఇస్తాం."

"నా పెళ్ళానికి నొప్పులు మొదలయ్యాయిరా. పెట్రనెల్‌ని పంపు."

"వచ్చింది. సందు మొదట్నించే నీ తలుపు మీద గడ్డి చూసింది. పక్క ఊళ్ళో ఇంకో కాన్పు ఉందట, అక్కడికి రోగం మోసుకెళ్ళలేనని వెళ్ళిపోయింది."

"పిలువు దాన్ని. హంఫ్రీ. ఒరే."

"వాణ్ణి వదిలెయ్ ఆంబ్రోస్. ఉమ్మనీరు పోయింది."

"నేనేం చెయ్యను సిసిలీ? కాన్పు గదిలో మగవాడు ఉండకూడదు."

"రాజుకి తుడిచిన దొరని చూసి నవ్వావు. వాడికి ఆ పనైనా వచ్చు. చేతులు కడుక్కుని రా."