పున్నారావు వెలిగించిన హీటర్ ప్లగ్గులు

తెనాలిలో కోతలు కోసేవాళ్లకి కొదవ లేదు గానీ, కోతలు కోస్తూ లోపల్లోపల ఏడ్చేవాణ్ణి చూడాలంటే మాత్రం ఆ పుష్యమాసపు పొద్దున సంజీవరావు టీకొట్టు దగ్గరికి రావాల్సింది. మెకానిక్ పున్నారావు బల్ల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, ఇంకో టీ చెప్పి, గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా అతని షెడ్డు ముందు జిలానీ పాత డీజిల్ వ్యాను, బాపట్లలో ఒక హాస్టలుకి చేరాల్సిన కూరగాయల బస్తాలతో నిండా లోడై, మంచులో తడుస్తూ నిలబడి ఉంది. తాళంచెవి పున్నారావు జేబులో ఉంది.

చలికి ఆ ముసలి ఇంజను స్టార్టు కాక జిలానీ ఇదివరకే ఆలస్యంగా వెళ్లి మాటపడ్డాడు. ఇంకోసారి ఇలాగైతే వేరే బండి పెట్టుకుంటామని హాస్టలువాళ్లు తేల్చి చెప్పేశారు. ఆ పని పోతే అతనికీ, భార్య నూర్ బీకీ ఇంకో ఆధారం లేదు. అందుకే ఊళ్లన్నీ తిరిగి, చలిలో డీజిల్ ఇంజన్ని లోపల వేడెక్కించి అందుకునేలా చేసే హీటర్ ప్లగ్గులు, ఇప్పుడెవరూ అమ్మని పాతరకానివి, రేపల్లెలో ఒక పాతసామాన్ల కొట్లో దొరికితే, కళ్లకద్దుకుని తెచ్చి పున్నారావు చేతిలో పెట్టాడు. నిన్న సాయంత్రం పున్నారావు వైరింగ్ పూర్తి చేసి, "పొద్దున్నే రారా, తాళం తిప్పడమే తరువాయి" అన్నాడు.

ఈ పొద్దున ఇంకా చీకటుండగానే ఒంటరిగా వచ్చి తిప్పి చూశాడు. ఇంజను దగ్గింది గానీ అందుకోలేదు. టెస్ట్ లైటు పెట్టి చూస్తే నాలుగు ప్లగ్గులూ చచ్చి ఉన్నాయి. ఎందుకు చచ్చాయో అప్పుడు తట్టింది. బిగించేముందు ఒక్కో ప్లగ్గునీ బ్యాటరీకి ఆనించి, అది ఎర్రబడితే చుట్టూ చేరినవాళ్లకి ఎత్తి చూపించడం అతని అలవాటు. అది చూడ్డానికే షెడ్డు దగ్గర జనం ఆగేవాళ్లు. కానీ ఈ పాతరకం ప్లగ్గులు పెళ్లిపందిరి దీపాల తోరణం లాంటివి. అన్నీ వరసగా కలిస్తేనే బ్యాటరీ దెబ్బని తట్టుకుంటాయి, విడిగా పెడితే ఒక్క క్షణం ధగధగమని లోపల తెగిపోతాయి. నిన్న అవి ఎన్నడూ లేనంతగా వెలిగితే జనం ఈలలు వేశారు, పున్నారావు మురిసిపోయి ఒక్కోటీ పక్కన పెట్టాడు. కూరగాయలతో పాటు ఆ కుర్రాడి బతుకు కూడా తన చేతుల్లోనే కుళ్లిపోతోంది.

మిగిలిన ఆశ ఒక్కటే. ఎండ వచ్చి ఇంజను కాస్త వెచ్చబడితే, ప్లగ్గులు లేకపోయినా అందుకోవచ్చు. అంత లోడు మనుషులు తోస్తే కదిలేది కాదు. కాబట్టి ఎండ వచ్చేదాకా జిలానీని ఈ బల్ల మీద కూర్చోబెట్టాలి. విచిత్రంగా జిలానీ కూడా తాళం అడగలేదు. టీగ్లాసు చేతిలో పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"రేపల్లెలో ఒకసారి, మాస్టారూ, ఇలాంటి చలికాలమే, ఒక రైతు జీపుకి హీటర్ ప్లగ్గులు మార్చి వైరింగ్ చేశానండి. పెద్ద పనేం కాదు. తాళం ఇలా అన్నానో లేదో, అందుకుంది," అని మొదలుపెట్టాడు పున్నారావు.

"అందుకోడానికే కదటోయ్ చేసింది," అన్నాడు రిటైరైన తెలుగు మాస్టారు దక్షిణామూర్తి, మఫ్లరు సర్దుకుంటూ.

"అక్కడితో అయిపోతే నేనెందుకు చెప్తానండి? నేను లాగిన వైరు సంగతి మీకు తెలీదు, ఆ వేడి ఇంజన్లో ఇమడలేదు, బానెట్ మీద మంచు ఆవిరైపోయింది, సరే, రోడ్డు మీద మంచు కూడా పోయింది, సరే, ఆ రైతు భార్య పిండిగిన్నెతో పరిగెత్తుకొచ్చి బానెట్ మీద దోసెలు పోసింది, నేనే తిన్నా, అంచులు కరకరలాడిపోయాయనుకోండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చట్నీ ఎక్కడ చేశారు, రేడియేటర్లోనా?" అన్నాడు సంజీవరావు టీ వడకడుతూ.

"నవ్వు, నవ్వు. ఆ వేడి కాలవ దాటింది. కొలకలూరు చేలల్లో తడిసిన వరికుప్పలు ఉన్నచోటే ఆరిపోయాయి. రైతులు నాకు దండం పెట్టారు. నేను రేపల్లెలో, వాళ్లు కొలకలూరులో, అయినా ఏ దిక్కుకి పెట్టాలో వాళ్లకి తెలిసిపోయింది. దుగ్గిరాల యార్డులో పచ్చిపసుపు బస్తాల్లోనే ఉడికి, ఎండి, కొమ్ములు ఠంగుమని మోగాయి!"

"బస్తాలు కాలిపోలేదూ?" అన్నాడు మాస్టారు.

"కాలడమేంటండి! నా వైరింగుకి ఏది ఉడికించాలో, ఏది వదిలెయ్యాలో తెలుసు."

జనం పకాలున నవ్వారు. పున్నారావు నవ్వుతూనే తూర్పుకి చూశాడు. మంచు ఇందాకటికంటే చిక్కబడింది. వ్యాను అద్దాల మీంచి నీళ్లు కారుతున్నాయి. కథని ఇంకా సాగదియ్యాలి, ఎలా సాగదియ్యాలో దేవుడికే తెలియాలి.

"మధ్యాహ్నానికి బాపట్ల సముద్రం పొంగు పట్టిందండి. చేపలు వాటంతటవే ఉడికి, ఉప్పూకారం సరిపోయి ఒడ్డుకొచ్చాయి. జనం అన్నం కంచాలు పట్టుకుని సూర్యలంకలో బారులు తీరారు."

"కారం సముద్రంలోకి ఎలా వచ్చిందిరా?" అన్నాడు మాస్టారు.

"అదే నేనూ అడిగానండి! అప్పుడు పైనుంచి సూర్యుడు వంగి చూసి, పున్నారావుగారూ, ఇక్కడ నాతో పనేముందండి, నాలుగు రోజులు సెలవిప్పించండి అన్నాడు. పోవయ్యా, పో, నువ్వు లేకపోతే నాకేం..."

పున్నారావు మళ్లీ తూర్పుకి చూశాడు. కథలో పొమ్మన్న ఆ సూర్యుణ్ణే ఇప్పుడు కాళ్లు పట్టుకుని పిలవాలనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగితే టీ పొగ అన్నట్టు మొహం తిప్పుకున్నాడు.

"సెలవిచ్చావా మరి?" అన్నాడు సంజీవరావు.

"ఇచ్చా... ఇస్తే ఏమైందో..."

"బాబాయ్," అన్నాడు జిలానీ. అంతసేపటికి అదే అతని మొదటి మాట. "నేను రాత్రి ఇంటికెళ్లలేదు. బస్తాలకి కాపలా ఉందామని బండిలోనే వెనకాల పట్టా కింద పడుకున్నా."

పున్నారావు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"నువ్వొచ్చి తిప్పినప్పుడల్లా బండి ఊగింది. నువ్వు స్టీరింగు మీద తల ఆనించి 'చంపేశాన్రా నిన్ను' అన్నావే, అదీ విన్నా. నువ్వటు పోగానే హాస్టలుకి ఫోన్ చేసి రాలేనని చెప్పేశా. వాళ్లు వేరే బండిని పెట్టేసుకున్నారు. ఇంక ఎప్పటికీ రావద్దన్నారు."

నవ్వుతున్నవాళ్లంతా నవ్వు ఆపేశారు.

"మరి ఇంతసేపూ... ఎందుకు కూర్చున్నావురా, జిలానీ?" అన్నాడు పున్నారావు.

"ఇంటికెళ్లి నూర్ బీకి ఏం చెప్పాలో తెలీక. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ వెళ్లక్కర్లేదు కదా." జిలానీ చల్లారిన టీని అలాగే పక్కన పెట్టాడు. "ఇంకా ఏమన్నా ఉంటే చెప్పు, బాబాయ్."

పున్నారావు ఎంత వెతుక్కున్నా ఒక్క అబద్ధం దొరకలేదు.