సూగప్ప ఇంగ్లీషు

ఏంది బిడ్డా మేఘా, పొద్దుగాల్నుంచి ఆ ఫోను ముందలపెట్టుకొని నీలో నువ్వే మాట్లాడుకుంటున్నవ్? ఇంగ్లీషా? ఏదీ, మల్లొకసారి అను. "ఐ గెటప్ యట్ సిక్స్." అంటే ఆరింటికి లేస్తనని. అబ్బబ్బ, ఇంకా ఇదే పాఠమా! నేను ముసలోణ్ణయిన, పండ్లు ఊడినయ్, వీళ్ళు మాత్రం ఇంకా ఆరింటికే లేస్తుండ్రు. జర దాన్ని పక్కకు పెట్టి కూసో. మీ తాత సూగప్పకు గిదే ఇంగ్లీషు నేర్పియ్యబోయి మా పానాలు ఎట్ల తోకకొచ్చినయో చెప్త. నువ్వు ఆయన్ను చూడలే. అప్పుడు మీ నాయిననే లాగు సరిగ్గ కట్టుకోరాని పిల్లగాడు. మీ అవ్వ మద్దమ్మ ఉంటే ఆమెనే చెప్పేది, ఆమె కూడా పాయె.

దేవసూగూరు కాడ కరెంటు కార్ఖానా కొత్తగ లేస్తున్న దినాలవి. ఆ పొగగొట్టాలు చూడనీకె రాయచూరు నుంచి జనం బస్సులెక్కి వచ్చేది, మిరపకాయ బజ్జీలు తినుకుంట మెడలు పైకెత్తి చూసేది, అదొక జాతర. సరే, అది ఇడిసిపెట్టు. నేను, మీ తాత ఒక కాంట్రాక్టు కంపెనీల పడ్డం. నేను ఆఫీసుల ప్యూను, మీ తాత బొగ్గుల. వ్యాగన్ల కెళ్ళి బొగ్గు దింపి బెల్టు మీదికి పంపే కాడ. ఇంటికొస్తే కండ్లు తప్ప మొకం కనపడకపోయేది. దగ్గితే నల్లగ పడేది. డాక్టరు సాఫ్ చెప్పిండు, "బొగ్గన్న ఇడువు, లేకుంటే ఛాతీ ఖరాబైతది" అని. గంతల స్టోరుల ఒక జాగ ఖాళీ అయింది. కూసొని సామాను ఇచ్చే పని, దుమ్ము లేదు ధూళి లేదు. కానీ దూరదూరం నుంచి ఇంజనీర్లొస్తరు, వాళ్ళతోని రెండు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడాలె అన్నరు. ఎంత ఇంగ్లీషు? ఎప్పుడు లేస్తవ్, ఏం తింటవ్, నీకేమిష్టం, గంతే! చిన్నపిల్లలు చెప్తరు. ఆ గంత ఇంగ్లీషు మీ తాత నోట్లకెళ్ళి బయటికి రానీకె మాకు సుక్కలు కనపడ్డయ్.

వెంకోబరావు సారని, రాయచూరుల బడి పంతులుగ చేసి దిగిపోయిండు, కొడుకు కాడ కాలనీల ఉండేటోడు. సాయంత్రం పూట అరుగు మీద కూసోబెట్టి ఉత్తగనే నేర్పేది. మనిషి మంచోడే, కోపం మాత్రం ముక్కు మీద. నశ్యం పీల్చి, "చెప్పయ్యా సూగప్పా, ఐ గెటప్ యట్ సిక్స్ ఎవ్రీ డే" అనేటోడు. మీ తాత చేతులు కట్టుకొని, "ఏ వారం సార్?" అనేది. "ఏ వారమేంటయ్యా?" "ఈ వారం పొద్దటి డ్యూటీ సార్, నాలుగింటికే లేస్త. వచ్చే వారం రాత్రి డ్యూటీ, ఆరింటికి అప్పుడే వచ్చి పండుకుంట. రోజూ ఆరింటికి లేస్తనంటే ఎట్లయితది?" సారు నెత్తి కొట్టుకునేది. "అయ్యో దేవరే! సుమ్నె, ఉత్తగనే అనవయ్యా!" "లేవంది లేస్తనని ఎట్లనాలె సార్?" పోనీ అని "ఐ లైక్ కాఫీ" కాడికొస్తే, "నేను కాఫీ తాగ సార్." "చాయ్ ఇష్టమా?" "ఇస్తే తాగుత సార్." "అరే, ఇష్టమా అని అడుగుతున్న!" "ఇస్తే తాగుత సార్." గిట్ల! "నువ్వేమన్న కోర్టుల సాక్ష్యం చెప్తున్నవా?" అని సారు లేచి ఇంట్లకు పోయేది, మల్ల ఉండలేక బయటికొచ్చేది. వాళ్ళమ్మ చిన్నప్పుడు చెప్పిందంట, మన ఊరి దేవుడు సూగురేశుని పేరు పెట్టినం, నీ నోట్ల అబద్ధం రావద్దని. అరే నాయినా, అది మన మాటల సంగతి, ఇది ఇంగ్లీషు కదా అంటి. "సూగురేశునికి ఇంగ్లీషు రాదా నారప్పన్నా?" అన్నడు. ఏం చెప్పాలె ఆ మనిషికి!

అన్నిటికంటె పెద్ద లొల్లి ఆఖరి మాట కాడ. "ఐ లైక్ మై వర్క్." నా పని నాకిష్టమని. "సాహెబులు తప్పకుండ అడుగుతరు, ఈ ఒక్క మాటన్నవంటే నౌకరీ పక్కా" అంటడు సారు. "నా పని బొగ్గు కద సార్, ఇష్టముంటే అర్జీ ఎందుకు పెడ్త?" అంటడు మీ తాత. న్యాయమే, కాదంటనా! న్యాయం పట్టుకొని కూసుంటే దగ్గు పోతదా? ఒకనాడు మీ అవ్వ ఆ అరుగు కాడికే వచ్చి కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. "రోజూ నల్లగ ఉమ్ముతున్నవ్. పిల్లగాని మొకం చూసన్న ఆ ఒక్క మాట అనరాదా? నీ సొమ్మేం పోతది?" అన్నది. గప్పుడు మెత్తబడ్డడు. నదికి పోయినా, చాయ్ బండి కాడ నిలబడ్డా, అదే గొణుక్కునేది.

స్టోరు పనికి సాహెబులు పిలిచిన నాడు ఇస్త్రీ అంగీ తొడుక్కొని ఆఫీసుకు వచ్చిండు. లోపల ఇద్దరు సాహెబులు, నేను చాయ్ ట్రే పట్టుకొని మూలకున్న. ఎప్పుడు లేస్తవంటే గడగడ అప్పజెప్పిండు. ఆరింటికంట, ఎవ్రీ డే అంట! కాఫీ ఇష్టమంట! పొద్దుగాల వాకింగ్ పోతడంట, ఈయన! నాకు నవ్వాగలే. పెద్ద సాహెబు, ఇప్పుడు చేసే బొగ్గు పని ఇష్టమేనా అని అడిగిండు. మీ తాత నా దిక్కు చూసిండు. "ఎస్ సార్. ఐ లైక్ మై వర్క్." వెరీ గుడ్, వెరీ గుడ్ అని సాహెబు లేచి చెయ్యి కలిపిండు. మీ తాత బయటికి పోయిండు. తలుపు పడంగనే పెద్ద సాహెబు రెండో ఆయనతోని ఇంగ్లీషుల అన్నడు, చాయ్ మోసి మోసి నాకు గంత అర్థమైతుండె, "బొగ్గు కాడ ఎవ్వడూ నిలుస్తలేడు. ఇష్టపడి చేసేటోడు ఒకడు దొరికిండు, అక్కడ్నే ఉండనియ్యి. స్టోరుకు ఇంకొకణ్ణి చూడు" అని. నేను ఆగలే బిడ్డా. "సార్, ఆయనకు దగ్గు" అన్న. "నిన్నెవరడిగిండ్రు?" అన్నడు రెండో ఆయన.

బయట మెట్ల కాడ నిలబడ్డడు మీ తాత. నా రెండు చేతులు పట్టుకొని, "నారప్పన్నా, ఒక్క తప్పు పోలే! సాహెబు చెయ్యి కలిపిండు చూసినవా? మద్దమ్మకు చెప్పొస్త" అన్నడు. నేను పిలిచిన. ఆగలే. ఎండల, కాలనీ దిక్కు, దగ్గుకుంటనే ఉరికిండు...

ఇగ సాలు. లే, ఆ కిటికీ మూయి, మొకం మీద ఎండ పడుతుంది.