నిన్నటి రేటు

సభకు వచ్చిన పెద్దలకు, మామయ్య దగ్గర చదువుకున్నవారికి, రేపల్లె, నిజాంపట్నం వైపు నుంచి పనులు మానుకుని వచ్చిన రైతులకు నమస్కారం.

నా పేరు సాహితి. సీతారామాంజనేయులు మాస్టారి మేనకోడలిని. సభలో మాట్లాడటం నాకు చేతకాదు. లక్ష్మీదుర్గ అత్తయ్య అడిగింది, అందుకని రాసుకుని వచ్చాను. కాగితం చూసి చదువుతాను, ఏమీ అనుకోకండి.

నిన్న మామయ్య పెద్దకర్మ అయింది. అందరూ ఏడ్చారు. నాకు ఇంకా ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లకు కాఫీలు ఇచ్చాను. గుమ్మం ముందు చెప్పులు వరసగా సర్దాను. అంతే.

ఆయన శిష్యులకు ఆ బోర్డు గుర్తుండే ఉంటుంది. తెనాలి కాలేజీలో ఎకనామిక్స్ క్లాసు. బోర్డుకు కుడివైపు మూలన రోజూ ఒక అంకె. నిన్న డాలరుకు ఎన్ని రూపాయలో, ఆ అంకె. ఇవాళ్టిది కాదు. రేపటిది అసలే కాదు. "రేపెంతవుద్ది సార్?" అని వెనక బెంచీవాళ్లు ఏడిపించేవారట. "నన్ను నిన్నటిది అడుగు నాయనా. రేపటిదైతే చేబ్రోలు సెంటర్లో చిలక జోస్యం వాడున్నాడు, వాణ్ణడుగు" అనేవారట.

బాపట్లలో ఒక ఆగస్టు పదిహేను సభకు నన్ను కూడా తీసుకెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజున రూపాయీ డాలరూ సమానం అని వేదిక మీది పెద్దాయన చెప్పారు. చప్పట్లు కొట్టారు. మామయ్య కొట్టలేదు, లేచి కాదనలేదు. సభ అయ్యేదాకా కూర్చుని, ఆయన కారెక్కబోతుంటే దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పారు. అప్పుడు డాలరంటే మూడు రూపాయల అయిదణాలండి, అని. ఆయన నవ్వి భుజం తట్టారు. మరుసటి ఏడు మళ్లీ అదే మాట. మామయ్య మళ్లీ కారు దాకా వెళ్లారు. ఆ పై ఏడు ఆయన మైకు ముందు ఆగి, జనంలో మామయ్యను వెతికి చూసి, ఆ మాట వదిలేశారు. ఎందుకు మామయ్యా ఇంత పట్టుదల అని అడిగాను. "లేని గొప్ప తగిలించుకుంటే ఉన్న గొప్ప కూడా ఎవరూ నమ్మరమ్మా" అన్నారు.

ఇక నేను చెప్పవలసిన మాట. ఈ మాట కోసమే ఒప్పుకున్నాను.

రెండువేల పదమూడు ఆగస్టు. ఆ నెలంతా డాలరు ఎగబాకుతోంది. మన రొయ్య బయటి దేశాలకు పోతుంది కాబట్టి దాని ధరా పైకే. మా నాన్న రాఘవయ్య గారి రొయ్యల చెరువు పట్టుబడికి, అంటే వల దించి రొయ్య పట్టే వేళకు వచ్చింది. డాలరు అరవై ఎనిమిది దాటిన రోజున, చెల్లెలిని, అంటే మా అమ్మను చూడటానికి వచ్చిన మామయ్య చెరువు గట్టు మీదికి వచ్చారు. రైతులు చుట్టూ చేరారు. టీ గ్లాసులు అందించింది నేనే. "డెబ్బై తగులుద్దా మాస్టారూ?" అని అడిగారు. నాకు తెలియదన్నారు. వదల్లేదు. అప్పుడు ఎప్పటిలాగే పాత సంగతి చెప్పారు. పందొమ్మిదివందల అరవై ఆరులో రూపాయి విలువ తగ్గించినప్పుడు, డాలరు ఒక్క రాత్రిలో నాలుగు రూపాయల డెబ్బై ఆరు పైసల నుంచి ఏడున్నరకు వెళ్లిందని.

అది జరిగిన సంగతి. జరగబోయేది కాదు. ఆశపడ్డ చెవికి ఆ తేడా వినపడుతుందా?

చెరువుల దగ్గర మనకో అలవాటు ఉంది. ధర పెరుగుతోందంటే వల దించం. ఇంకో నాలుగు రోజులు చూద్దాం అంటాం. నాన్న ఆగారు. నాన్నను చూసి పక్క చెరువులవాళ్లూ ఆగారు. వాన పట్టింది. నీళ్లు చల్లబడ్డాయి. రొయ్యకు తెల్లమచ్చ రోగం వచ్చింది. డాలరు డెబ్బై చూడకుండానే వెనక్కి తిరిగింది. చెరువులో ఏమీ మిగల్లేదు.

"మాస్టారి మాట విని మునిగాం." ఈ మాట మీరందరూ విన్నారు. టీ కొట్ల దగ్గర విన్నారు, రేపల్లె పాసింజర్లో విన్నారు. మొదట అన్నది మా నాన్నే.

చెరువు పోయిందని తెలిసిన మర్నాడే మామయ్య వచ్చారు. పంచె ఎగగట్టి, కూలీలతోపాటు చెరువులోకి దిగి, చచ్చిన రొయ్యలు ఎత్తి గోతిలో సున్నం చల్లి పూడ్చారు. "ఇక మా గట్టు ఎక్కొద్దు బావా" అన్నారు నాన్న. మామయ్య కాళ్లు కడుక్కుని వెళ్లిపోయారు. నేనలా అనలేదని ఒక్కసారి చెప్పన్నయ్యా అని అమ్మ బతిమాలింది. "మునిగినవాడితో మాటల తగువేంటమ్మా" అన్నారు. ఆ తర్వాత బోర్డు మూల ఖాళీగానే ఉండిపోయింది.

ఆ రోజు గట్టు మీద ఉన్నవారు ఇక్కడ కొందరున్నారు. నేను తప్పు చెప్పి ఉంటే లేచి చెప్పండి. కూర్చుంటాను.

ఎవరూ లేవలేదు. సరే.

ఇంకొక్క సంగతి ఉంది. అప్పట్లో నేను తెనాలి కాన్వెంటులో చదివేదాన్ని. సాయంత్రం రేపల్లె బండి వేళయ్యేదాకా మామయ్య ఇంట్లో పుస్తకాలు చదువుకునేదాన్ని. నాన్న వద్దనలేదు. ఇంటికి రాగానే అడిగేవారు. "మీ మామయ్య ఏమన్నాడు, డాలరెంతంట?" చెరువు కౌలుకు ఇచ్చేసిన మనిషికి డాలరు ఎందుకు? బోర్డు మీద రాయడం మానేసిన మనిషి, బండికి లేచేటప్పుడు నాకు మాత్రం రోజూ ఎందుకు చెప్పేవారు? చెప్పి, "నిన్నటిదని చెప్పు" అనేవారు. ఎవరికి అని నేను అడగలేదు. ఆయనా అనలేదు. నేను ఉద్యోగంలో చేరాక కూడా ఇది ఆగలేదు. నాన్న చేతిలో ఫోనుంది. అందులో రేటుంటుందని నాన్నకు తెలుసు. మామయ్యకూ తెలుసు.

ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదని ఊరంతా అంటుంది. మాట్లాడుకుంటూనే ఉన్నారు. మధ్యలో ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

మామయ్య పోయిన రోజు రేటు మర్నాడు పేపర్లో వచ్చింది. చదివాను. ఆ సాయంత్రం నాన్న నన్ను ఏమీ అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు.

నాన్న ఇవాళ వచ్చారు. లోపలికి రాలేదు. సభ మొదలైనప్పటి నుంచి గుమ్మం బయట, చెప్పుల దగ్గర నిలబడి ఉన్నారు.

ఇప్పుడు మనమంతా లేచి, మామయ్య కోసం కాసేపు మౌనంగా నిలబడదాం.

నాన్నా, మీరు ఎలాగూ నిలబడే ఉన్నారు. లోపలికి వచ్చి అమ్మ పక్కన నిలబడండి. రేటు తర్వాత చెప్తాను.

అందరూ దయచేసి లేవండి.