తలుపు మీది కాగితం

బల్గేరియాలో ఒక చిన్న పట్నం. రెండో అంతస్తులో వంటగది, మధ్యాహ్నం. బల్లకి అటు అసెన్, ఇటు అతని భార్య నెవెనా.

“పుస్తకంలో గ్యాసు సంగతి రాశావా?”

“రాశాను, అసెన్.”

“ఏమని?”

“నువ్వు పొయ్యి వెలిగించకూడదు. నేను బయటికెళ్తే సిలిండరు కట్టేసి వెళ్లాలి.”

“మరి మిరపకాయలు కాల్చడం?”

“అదీ నేనే.”

“నువ్వా? బొగ్గు చేసిపెడతావు, నెవెనా.”

“మొన్న బొగ్గు చేసిందెవరో?”

“అది... ఫోనొచ్చింది కదా.”

“ఫోను రాలేదు.”

“సరే, రాలేదు. తర్వాతది కారు.”

“తాళాలు మీ తమ్ముడికి ఇచ్చేశాం.”

“ఎప్పుడు?”

“ఇచ్చేశాంలే.”

“మంచిపనే. వాడికి గేరు మార్చడం రాదు, కారే జాలిపడి కదలాలి. నోటరీ?”

“అయింది. బ్యాంకుకీ, ఇంటికీ, నీ వైద్యానికీ, అన్నిటికీ నా సంతకం చాలు.”

“డాక్టరమ్మ ఏమంది, ఇంకోసారి చెప్పు.”

“మతిమరుపు జబ్బు ఇప్పుడే మొదలైందంది. మనసు తేటగా ఉన్నప్పుడే అనుకున్నవన్నీ చెప్పుకోమంది.”

“అదే చేస్తున్నాం. నలభై ఏళ్లు కరెంటు పని చేశాను. మెయిను తీశాకే తీగ ముట్టుకోవాలి. ముందు అన్నీ చూసుకోవాలి, ఏడుపు తర్వాత.”

“నేనేం ఏడవడం లేదు.”

“రాయడమూ లేదు. పెన్ను అలా పట్టుకు కూర్చున్నావేం?”

“వింటున్నాను. నువ్వు చెప్పు.”

“నా కోటు లోపల పేరూ, ఫోను నంబరూ కుట్టాలి.”

“కుట్టాను.”

“అప్పుడేనా? సరే. నిన్ను గుర్తుపట్టకపోతే?”

“వంటమనిషినని చెప్పి సూపు పెడతాను.”

“తిడితే?”

“ఇప్పుడు తిట్టడం లేదా?”

“చెయ్యెత్తితే?”

“గింకాని పిలుస్తాను. ఎదురిల్లేగా, తాళంచెవి ఇచ్చి ఉంచాను.”

“ఆ గింకా నోట్లో నువ్వుగింజ నానదు.”

“ఊరంతా తెలిస్తేనే మంచిది. దారి తప్పితే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు.”

“నీవల్ల కానప్పుడు వృద్ధాశ్రమంలో చేర్చెయ్యి. ఒట్టెయ్యి.”

“ఒట్టు.”

“అంత గబుక్కున వేసేశావేం!”

“నువ్వు అడిగావు, వేశాను.”

“కాస్త బతిమాలించుకోవచ్చు కదా.”

“కాఫీ చల్లారిపోతోంది, తాగు.”

“ఇంకొక్కటుంది.”

“ఉంటుంది.”

“ఇది కష్టమైనది.”

“చెప్పు.”

“కమెన్ సంగతి.”

“ఊఁ.”

“మన పిల్లాడు పోయి నవంబరుకి ఏడేళ్లు.”

“ఏడేళ్లు.”

“వాడు పోయాడని నేను మర్చిపోయే రోజొస్తుంది. ఇవాళ కాదు. కానీ వస్తుంది. ‘వాడేడీ, భోజనానికి రాలేదేం’ అంటాను. అప్పుడు నువ్వు నిజం చెప్పకూడదు.”

“ఏం చెప్పమంటావు?”

“ఓడ మీద ఉన్నాడని చెప్పు. వార్నా రేవులో ఎక్కాడు, వేసవికి వస్తాడు అను. బతికున్నప్పుడు మాత్రం, ఓడ పనికెళ్తే ఆరేసి నెలలు కనపడేవాడా? నమ్ముతాను.”

“సరే.”

“కానీ మన ఇంటి తలుపుకి బయట నల్ల అంచు కాగితం ఉంది కదా. వాడి ఫోటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఊళ్లో అందరిలాగే మనమూ ఏటా కొత్తది అచ్చేయించి అంటిస్తున్నాం. నువ్వేమో ఓడ మీదున్నాడంటావు, నేనేమో రొట్టెకి వెళ్లొస్తూ అది చదువుతాను. ప్రతిసారీ అప్పుడే తెలిసినట్టు చదువుతాను. రోజూ పోతాడు వాడు, నెవెనా. రోజూ.”

“అయితే?”

“తీసెయ్యాలి. ఈ ఏడు కొత్తది వద్దు.”

“తియ్యను.”

“చూశావా! వృద్ధాశ్రమానికైతే వెంటనే ఒట్టేశావు.”

“నువ్వు బతికున్నావు. వాడికి ఆ కాగితం తప్ప ఏముంది? తలుపు బోడిగా కనపడితే ఊరేమంటుంది? తల్లే మర్చిపోయిందంటుంది.”

“ఊరికేం, సాయంత్రానికి ఇంకో కబురు దొరుకుతుంది.”

“ఊరు సరే, నా సంగతో? తాళం తీసేముందు వాడి గడ్డం మీద వేలు పెడతాను. అది నీకు తెలీదు.”

“తెలుసు. అక్కడ సిరా పోతుంది. ఏటా అక్కడే పోతుంది.”

“తెలిసీ తియ్యమంటావా?”

“లోపల బీరువా తలుపుకి అంటించుకో. నీ బట్టల వెనకాల. నేనెప్పుడూ చూడని చోట.”

“నవంబరులో వాడి పేరున చర్చి దగ్గర గోధుమలు ఉడికించి పంచనా, వద్దా?”

“పంచు. నన్ను తీసుకెళ్లకు.”

“అంతా నేనొక్కదాన్నే.”

“నువ్వొక్కదానివే. నన్ను క్షమించు. రా, నేనే తీస్తాను. గోరువెచ్చటి నీళ్లు పట్రా. జిగురు నానితే చిరగదు.”

“కూర్చో.”

“చిరగనివ్వను, నీ చేతికే ఇస్తాను...”

“కూర్చో, అసెన్. తలుపు తియ్యకు.”

“నెవెనా.”

“ఊఁ.”

“కాగితం లేదు.”

“లేదు.”

“ఎవరు చింపారు? గింకా మనవలా?”

“నేనే తీశాను. గోరువెచ్చటి నీళ్లతో. చిరగలేదు.”

“ఎప్పుడు?”

“ఎండాకాలం మొదట్లో, చెర్రీలు పండినప్పుడు.”

“బస్టాపు దగ్గర అంటించింది?”

“అదీ తీశాను. రొట్టెల కొట్టు గోడ మీదిదీ.”

“నీకెవరు చెప్పారు తియ్యమని?”

“నువ్వే. ఇదే కుర్చీలో కూర్చుని. ఆ పుస్తకంలో పేజీ వెనక్కి తిప్పు. నీ చేతిరాతే, కింద నీ సంతకమే.”

“‘కమెన్ ఓడ మీద ఉన్నాడు. వేసవికి వస్తాడు.’ ఇది నేనే రాశానా? అయితే... నేను అడిగానా? వాడేడీ అని?”

“అడిగావు. నిన్న కూడా.”

“ఏం చెప్పావు?”

“ఇందులో ఉన్నదే. ఎంత సంతోషపడ్డావో. వాడొస్తే తింటాడని రెండు సీసాల మిరపకాయల పచ్చడి పక్కన పెట్టించావు.”

“ఈ మాటలన్నీ ఎన్నిసార్లు అనుకున్నాం?”

“ఇది తొమ్మిదోసారి.”

“మొదట్లోనే తీసేశానని చెప్పొచ్చు కదా! తియ్యనని నాతో ఇంతసేపు వాదించావెందుకు?”

“వాదించినంతసేపే వాడు పోయాడని నీకు గుర్తుంటుంది. ఆ కాసేపూ కొడుకు పోయినవాళ్లం ఇద్దరం ఉంటాం. తర్వాత నేనొక్కదాన్నే.”