అప్పాజీ గారి ఫ్యానుకి కట్టిన దండ

దండా? మేత చల్లే డ్రోనుకి దండ నన్ను కట్టమంటారేంటి యుగంధర్ బాబూ. చూద్దాం లెండి, తొందరేముంది. మేత గంట ఆలస్యమైతే రొయ్యలేం అలిగి వెళ్ళిపోవు. కూర్చోండి. అయినా దీనికి చక్రాలే లేవు, నిమ్మకాయలు దేని కింద పెడతారు? మీ తాతగారి దానికి మూడు చక్రాలుండేవి. ఆయ్, ఎగిరేదానికేనండి. మీరప్పటికి ఉయ్యాల్లో ఉన్నారు, మీకేం తెలుస్తుంది.

అప్పాజీ గారికి అరవై ఆరో ఏట పట్టుకుంది ఆ పిచ్చి. కుర్రతనంలో మిలిటరీ విమానాలు తోలదామని మద్రాసు దాకా వెళ్ళేరంట, అరికాళ్ళు చదునుగా ఉన్నాయని ఇంటికి పంపించేసేరు. "ఒరే బుల్లియ్యా, తోలేది చేతుల్తో కదరా, నా అరికాళ్ళతో వాళ్ళకేం పని" అని ముప్పై ఏళ్ళపాటు నన్నే అడిగేరు. నేను ఆయన చెరువుల్లో వల లాగేవాణ్ణి, నాకేం తెలుసండి. ఆ ఏడు గుండెకి రెండు స్టెంట్లు వేయించుకుని, భీమవరం నుంచొచ్చి కారు దిగుతూనే అన్నారు, "ఒక్కసారి పైకెళ్ళి మన చెరువు చూసి దిగాలిరా. నేర్చుకునే టైము లేదు. ఏమీ రానోడు కూడా తోలగలిగేది ఏదో వెతుకుదాం." అంతే, గట్టు మీద పాకలో పంచాయితీ మొదలు. రోజూ ఫొటోలు పరవడం, ఒక్కొక్కదాన్నీ ఒకటే ప్రశ్న అడగడం, "చెయ్యి వదిలేస్తే ఏం చేస్తావే?" అని.

హెలికాప్టరు మొదటిరోజే పోయింది. దానికి రెండు చేతులకీ రెండు కాళ్ళకీ నాలుగు వేరే వేరే పనులంటండి, ఒక్కటి వదిలినా తిరగబడుద్దంట. "నా పెళ్ళిలో తలంబ్రాలు పొయ్యడానికే నాకు రెండు చేతులూ కలవలేదు" అని పక్కన పడేసేరు. బెలూను కాస్త నచ్చింది గానీ, అది గాలి ఎటుంటే అటే పోద్దంట. తణుకు వెళ్దామని ఎక్కి యానాంలో దిగితే అక్కడ మనకెవరున్నారు? ఇంకోటి, అసలు ఇంజనే లేని విమానం ఉందండోయ్. ఇంజను లేనిది మధ్యలో ఆగిపోతే ఎలాగండి అన్నాను నేను. "లేనిది ఎలా ఆగుద్దిరా సన్నాసీ" అన్నారు గానీ, దాన్నీ తీసేసేరు. మాణిక్యాంబ గారు, అదే మీ నాయనమ్మ గారు, మజ్జిగ తెచ్చి ఇదంతా విని, "అన్నిటికన్నా తేలికైంది మన మంచం. చెయ్యీ కాలూ రెండూ వదిలేసినా పడిపోదు" అనేసి వెళ్ళిపోయేరు. ఆవిడ మాట అలాగే ఉండేది.

చివరికి ఒకటి తేలింది. పైన పేరాచూట్, కింద మూడు చక్రాల కుర్చీ, వీపు వెనకాల పెద్ద ఫ్యాను. కుడి తాడు లాగితే కుడికి, ఎడం తాడు లాగితే ఎడమకి. ఫ్యాను పెంచితే పైకి, తగ్గిస్తే కిందికి. చెయ్యి వదిలేస్తే పాపం దాని మానాన అది తిన్నగా పోద్దంట. ఇంజను ఆగినా మెల్లిగా దిగుద్దంట. "ఇది మన ఎడ్లబండేరా" అని ఎంత మురిసిపోయేరో. పోనీ నేర్పేవాణ్ణి పిలుద్దామండి అంటే, "నేర్చుకునేవాడికి ఇంత వెతుకులాట ఎందుకురా" అన్నారు.

బెంగుళూరు నుంచి తెప్పించి, దాళ్వా పంట కోసేసిన చేలో పెట్టేం. ఊరంతా వచ్చేసింది. కొత్త బండికి పూజ చెయ్యకపోతే ఎలాగండి. పసుపు, కుంకం, మూడు చక్రాల కిందా మూడు నిమ్మకాయలు, దిష్టికి గుమ్మడికాయ. దండకే చోటు లేదు. కారుకైతే ముందు బానెట్టుంటుంది, దీనికి ముందంతా మీ తాతగారే. ఆయన మెళ్ళో వెయ్యబోతే "కుర్చీలో కూర్చోబెట్టి ముసలాయనకి దండేంట్రా" అని మాణిక్యాంబ గారు కసిరేరు. అప్పుడు వెనకాల ఫ్యాను చుట్టూ ఉన్న చట్రానికి నేనే కట్టేను, కడియం బంతిపూల దండ. కొబ్బరికాయ కొట్టేరు, ఆయన ఇంజను స్టార్ట్ చేసేరు. ఫ్యాను గిర్రున తిరిగి దండని లోపలికి లాగేసుకుంది, ఓ రెక్క విరిగి చేలో పడింది. పూలు మాత్రం బాగానే ఎగిరేయి. జనం పొట్టలు పట్టుకుని నవ్వేరు. దండ తియ్యడం మర్చిపోయేరని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు, మీ నాన్నగారూ మీకదే చెప్పుంటారు.

మర్చిపోలేదండి. బంతి దండ అరటినారతో గుచ్చితే ఆ గాలికి తెగి ఎటో పోయేది. నేను గుచ్చింది వలలు అల్లే నైలాన్ దారంతో. ముందురోజు కూర్చుని మరీ గుచ్చేను. రెండు స్టెంట్లండి ఆయనకి. పైన ఏదైనా అయితే కింద నేను చూస్తూ నిలబడాలా? భయమేసింది. ముప్పై ఏళ్ళు ఆయన కేక వినకుండా నాకు తెల్లారలేదండి. ఆయన కుర్చీ దిగి, ఇరుసుకి చుట్టుకున్న దారం విప్పి, వేళ్ళతో లాగి చూసేరు. తెగలేదు. దాన్ని జేబులో పెట్టుకుని నా భుజం మీద చెయ్యేసి, "దండ బాగా కట్టేవురా బుల్లియ్యా" అన్నారు. అంతే, ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. కొత్త రెక్క కోసం బెంగుళూరు రాసేరు. అది ఆయన పెద్దకార్యం నాడు వచ్చింది. మాణిక్యాంబ గారన్న ఆ మంచం మీదే, నిద్దట్లోనే పోయేరు.

ఇదిగో, దీనికి దండ వద్దండి. నేను కట్టను. ఎగరెయ్యండి బాబూ, ఆయన చూద్దామన్న ఆ మూల చెరువు మీంచి, కాస్త ఎత్తుగానే పోనివ్వండి. మేత బస్తా విప్పేరా లేదా?