చెంచురామయ్య కల్లంలో గోల్ఫు

ఆఁ, నేనే దున్నించాను. ఇందులో విచారణ చేయడానికేముందండీ అన్నయ్యగారూ? కల్లం మాది, ట్రాక్టరు మా మరిదిది, బుద్ధి నాది. ఇవాళ పొద్దున్నే గొర్రు తగిలించి అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి తోలించాను. ముందు మీరా మంచం మీద కూర్చోండి. నిలబడి కేకలేస్తే గొంతు పోవడమే గానీ, దున్నిన నేల చదునవుతుందా?

ఆదివారం ఫైనల్సా? తెలుసండీ. ఫ్లెక్సీ చూశాను. మార్టూరు సెంటర్లో బస్సు దిగగానే కనపడేది అదేగా! ‘పూర్వ విద్యార్థుల గోల్ఫ్ సంఘం, ప్రెసిడెంట్ కప్పు’. డాక్టరు కోటేష్ గారి బొమ్మ గుమ్మడికాయంత. సెక్రెటరీ ప్రేమ్‌చంద్ అని మీ బొమ్మ కొబ్బరికాయంత. మిగతా క్లాస్‌మేట్లంతా కింద నిమ్మకాయల్లా. మాయన బొమ్మ కోసం కళ్ళద్దాలు తుడుచుకుని మరీ వెతికాను. కల్లం బొమ్మ వేశారండీ! కల్లం ఉంది, కల్లం గలాయన లేడు.

ప్రింటింగు వాడి పొరపాటా? సరేలెండి. వాడి పొరపాట్లు కూడా మనిషిని చూసే పడతాయి కాబోలు.

అసలు మీ అందరికీ ఏం తక్కువైందండీ? ఏటా ఒక పూట కలిసేవారు. బిరియానీ తినేవారు. ఒకరికొకరు శాలువాలు కప్పుకుని, ఫోటో దిగి, ఎవరి కారు వాళ్ళెక్కి పోయేవారు. బాగానే ఉండేది. ఆ డాక్టరుగారు హైదరాబాదులో ఎవరో గోల్ఫు ఆడుతుంటే చూసొచ్చారు, ఇక మన బ్యాచికి గోల్ఫు లేకపోతే పరువేముంది అన్నారు. నలుగురూ చంకలు గుద్దుకున్నారు. ఆడే చోటు మాత్రం ఎవరికీ లేదు. మీకు గ్రానైటు యూనిట్లున్నాయి, ఒకరికి కోల్డ్ స్టోరేజీ ఉంది, డాక్టరుగారికి ఒంగోల్లో ఆస్పత్రి ఉంది. చదునైన నేల ఎవరికుంది? చెంచురామయ్యకుంది. అప్పుడు గుర్తొచ్చాడు మాయన!

అంతకుముందు ఏం జరిగిందో కూడా నాకు తెలుసండీ. పదో తరగతి తప్పినవాడు పూర్వ విద్యార్థి కిందికి వస్తాడా రాడా అని మీటింగు పెట్టుకున్నారటగా? కాఫీలు తాగి, పకోడీలు తిని మరీ చర్చించారట. వస్తాడని ఎప్పుడు తేలింది? మా కల్లం చూసొచ్చాకే కదూ!

నవ్వకండి. ఆయన ఆ కబురు విని ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? “సుబ్బా, నన్ను మెంబరుగా తీసుకున్నారే. ఆటలో కూడా దించుతామన్నారు” అన్నాడు. పెళ్ళయ్యాక అంత మురిసిపోవడం నేనెప్పుడూ చూడలా. పంట బాగా పండిన ఏడు కూడా అంత మురవలేదు ఆ మనిషి.

ఇక చూడండి నా తిప్పలు! ఆఖరి తీత పత్తి ఇంకా చెట్టు మీదుండగానే కల్లం పక్క చేలో కట్టె పీకించాడు, బంతి దొర్లడానికి అడ్డమట. చింతకొమ్మ ఒకటి వంకరది చూసి నరుక్కొచ్చాడు. తెల్లారకముందే లేచి కల్లంలో మిరపకాయల గంప అడ్డం పడేసి, నిమ్మకాయని ఆ కర్రతో కొడతాడు. ఒంగుంటాడు, నడుం ఊపుతాడు, మళ్ళీ ఒంగుంటాడు. నడుంనొప్పేమోనని జండూబామ్ పట్టుకెళ్ళాను నేను. “పో అవతలికి, చూపు చెదురుతుంది” అన్నాడు. ఎప్పుడన్నా నిమ్మకాయ గంపలో పడితే ఇటూ అటూ చూసుకునేవాడు, ఎవరన్నా చూశారేమోనని. నేను పాక వెనకాల నుంచి చూసేదాన్ని. చూశానని చెప్పలా.

తర్వాత మీరొచ్చారు. పాలిషింగ్ యూనిట్లో మిగిలిన రాతిపొడి ట్రాక్టర్లలో తోలించి కల్లం నిండా పరిపించారు. మధ్యలో బంతి పడే గుంట తవ్వించి, ఇదే గ్రీను అన్నారు. తెల్లగా సున్నం కొట్టినట్టున్నదాన్ని గ్రీను అంటారేంటని నేనడిగితే నా వైపు జాలిగా చూశారు. సర్లెండి, నాకు ఆట తెలీదు. కానీ ఆ పొడి పారబోసే చోటు లేక మీరెన్నాళ్ళ నుంచి అవస్థ పడుతున్నారో అది మాత్రం ఊరందరికీ తెలుసు.

ఆ కల్లంలో అప్పటికి మా కాయ ఎండుతోందండీ! సగం కూడా ఎండలా. పోటీ ఉందని, మీ పొడి పడకముందే ఎత్తి ఓ మూల కుప్పపోయించాడు, మీద పట్టా కప్పాడు. పచ్చికాయ కుప్పపోస్తే ఏమవుతుంది? లోపల ఉడికి, రంగు పోయి, ఎర్రటి కాయ కాస్తా తెల్లగా తాలైంది. పక్క కల్లం ఖుర్షిదా వాళ్ళు కూర్చుని తాలు ఏరుతుంటే, మంచికాయ కన్నా తాలు కుప్పే పెద్దదైంది. “ఏంటి వదినా, ఈ ఏడు తాలు పంట వేశారా?” అంది ఖుర్షిదా. మాయన విననట్టు అవతలికి పోయాడు.

ఆ మొదటి పోటీ రోజు సంబడం చెప్పమంటారా? మీరున్నారుగా, అయినా చెబుతాను. అందరికీ తెల్ల టీషర్టులు. మాయనకి పసుప్పచ్చది, వీపు మీద ‘వాలంటీరు’ అని. తెల్లది సైజు లేదన్నారు. జట్లు కట్టారు, పేర్లు పిలిచారు. ఈయన చింతకొమ్మ పాకలో దాచి, చేతులు కడుక్కుని, మీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అప్పుడు డాక్టరుగారు, “రామయ్యా, బ్యాగులు మోసేవాళ్ళు రాలేదు, నువ్వు కాస్త పట్టుకో” అన్నారు.

పట్టుకున్నాడు. తన చేలో, తన గట్ల మీద, ఆ బ్యాగు భుజానేసుకుని డాక్టరుగారి వెనకాల నడిచాడు. ఒకే బెంచీ మీద కూర్చుని చదివారటగా మీ ముగ్గురూ?

ఇక ఆటంటారా, అబ్బబ్బ! నల్లరేగడి నేల, నెర్రెలిచ్చి ఉంది. కొట్టిన బంతి కొట్టినట్టే నెర్రెలో దిగబడింది. పెద్దపెద్దవాళ్ళు బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి పెట్టి దేవులాడారు, ఉంగరం పారేసుకున్నవాళ్ళలా. నెర్రెలో పడితే లెక్కలేదు, మళ్ళీ కొట్టుకోవచ్చని అప్పటికప్పుడు ఒక రూలు. అదీ ఎప్పుడు? డాక్టరుగారి బంతి పడ్డాక. అంతకుముందు పడ్డవాళ్ళు మాత్రం ఓడిపోయినట్టే.

ఆఖరికి ఎట్లాగో కల్లం దాకా వచ్చారు. డాక్టరుగారు బంతిని మెల్లగా తోసి గుంటలో వేశారు. అందరూ చప్పట్లు. ఆయన ఒంగి, గుంటలో చెయ్యి పెట్టి బంతి తీసుకుని, అదే చేత్తో మొహాన చెమట తుడుచుకున్నారు. ఇంకేముంది! ఏళ్ళ తరబడి మిరపకాయ ఎండిన నేల అది. పైన ఎంత రాతిపొడి పోస్తే మాత్రం లోపలి ఘాటు పోతుందా? కంటి డాక్టరండీ ఆయన! ఊరూరా క్యాంపులు పెట్టి “కళ్ళు నులమకండమ్మా” అని చెప్పే మనిషి, రెండు చేతుల్తో నులుముకుంటూ గిరగిరా తిరిగారు. ఖుర్షిదా నవ్వాపుకోలేక పట్టా చాటుకి పోయింది. నేనూ నవ్వాను. అబద్ధమెందుకు, కడుపారా నవ్వాను.

మాయన మాత్రం నవ్వలా. బ్యాగు పక్కన పెట్టి, బిందె తీసుకుని పరుగెత్తాడు. కళ్ళలో నీళ్ళు కొడుతుంటే డాక్టరుగారు ఏమన్నారు? “కల్లం కడిగించలేదా రామయ్యా? బాధ్యత లేకపోతే ఎట్లా?” అన్నారు. మిర్చి కల్లంలో కారం కాక కలకండ ఉంటుందా అన్నయ్యగారూ? ఆ మాటకి మీరూ తలూపారు. ఊపలేదా? నేను చూశానండీ!

సరే, అదీ పోనివ్వండి. సాయంత్రం కల్యాణమండపంలో సభ. ఆట ఒక గంట, సన్మానాలు మూడు గంటలు. గెలిచినవాళ్ళకి శాలువా, ఓడినవాళ్ళకి శాలువా, ఎండకి కారు దిగనివాళ్ళకి కూడా శాలువా. మేమిద్దరం వెనక వరసలో కూర్చున్నాం. ఆ పసుప్పచ్చ టీషర్టు విప్పేసి, ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు ఆయన. మీరు మైకు పట్టుకుని, “మనకి గ్రౌండు సమకూర్చిన రైతు మిత్రుడికి కూడా మన కృతజ్ఞతలు” అన్నారు. పేరు చెప్పలా. పేరెందుకులెండి, రైతు అంటే సరిపోతుందిగా.

ఆ మాట వినగానే ఆయన లేచాడండీ! చొక్కా గుండీ సర్దుకున్నాడు. నా కాళ్ళు దాటుకుని, కుర్చీల మధ్య నుంచి స్టేజీ వైపు నడిచాడు. సగం దూరం పోయేసరికి మీరు ఇంకోళ్ళ పేరు పిలిచారు, వాళ్ళు పైకెక్కారు, ఫోటోలు తీస్తున్నారు. మాయన ఆగిపోయాడు. ముందుకి పోలేడు, వెనక్కి రాలేడు. గోడవారగా నీళ్ళ క్యాను కనపడితే దాని దగ్గరికి పోయాడు. ఒక గ్లాసు తాగాడు. ఇంకో గ్లాసు పట్టుకుని అది కూడా తాగాడు. దాహమేసి తాగలా అన్నయ్యగారూ, లేచినందుకు తాగాడు.

వచ్చి నా పక్కన కూర్చుని, “నీళ్ళు చల్లగా ఉన్నాయే, తెచ్చిపెట్టనా?” అన్నాడు. నాకు ఏడుపాగలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక నేనో మాట అనబోతే నా మీదికే లేచాడు. “వాళ్ళకి టైము చాల్లేదు, పెద్ద సభ, ఎన్నని గుర్తుంటాయి?” అని మిమ్మల్నే వెనకేసుకొచ్చాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు. నిజమే. కానీ నాకుందండీ ఆ దురద! అందుకే దున్నించాను. తాలు కాయ కోసం కాదు. మిగిలిన కాయ ఖుర్షిదా వాళ్ళ కల్లంలో పోసుకుంటాం, మా తిప్పలు మేం పడతాం. ఆదివారం మళ్ళీ ఆ బ్యాగు ఆయన భుజాన చూడలేను. అంతే.

ఎక్కడున్నాడా? ఇంట్లో లేడు. చిలకలూరిపేట వెళ్ళాడు. బూట్లు కొనుక్కోవడానికండీ! మొన్న ఫోన్లో మీరేగా, “ఫైనల్సులో ఎవరన్నా రాకపోతే నువ్వు దిగాలి, సిద్ధంగా ఉండు” అన్నది? చెప్పుల్తో ఆడకూడదటగా. తెల్లారే బయల్దేరాడు. ట్రాక్టరు అప్పటికింకా రాలా.

అవును. ఆయనకింకా తెలీదు.

ఏంటి, లేస్తున్నారేంటి? కూర్చోండి. ఇందాకట్నుంచీ గొంతు పెంచి మాట్లాడుతున్నానని నాకేదో ధైర్యమనుకుంటున్నారేమో. నా చెవులు మాత్రం గేటు వైపే ఉన్నాయి. మీకేమండీ, ఇంకో కల్లం చూసుకుంటారు. ఊరి నిండా కల్లాలే. ఆయనకి మాత్రం మీ అందరి మధ్యా నిలబడటానికి ఉన్నది అదొక్కటే. దాన్ని నా చేత్తో నేనే దున్నించేశాను. బూట్ల డబ్బా చంకలో పెట్టుకుని ఆ మనిషి గేటు దాటి వస్తే ఏ మొహం పెట్టుకుని చెప్పను?

అదిగో, బండి చప్పుడు. ఆయనదే.

ఒక్క సాయం చేసిపెట్టండి అన్నయ్యగారూ, మీకు పుణ్యముంటుంది. దున్నించమన్నది మీరేనని చెప్పండి. సంఘం నిర్ణయమనండి, డాక్టరుగారి ఆర్డరనండి, ఏదో ఒకటి అనండి. నేనని తెలిస్తే నా చేతి మెతుకు ముట్టడు. మీరు దున్నించారంటే మాత్రం ఎందుకని కూడా అడగడు. “గడ్డలు ఇంకాస్త మెత్తగా కొట్టించమంటారా సెక్రెటరీ గారూ?” అంటాడు.