ముప్పై ఒక్క లక్షలు

గుడియాత్తంలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నడిపే శంకరలింగం పనివాళ్లకు మొదలాళి, పార్టీకి టౌను కార్యదర్శి. పార్టీ పెద్ద నాయకుడు తలైవర్ పుట్టినరోజుకు తన పనివాళ్ల చేత నూరు బాటిళ్ల రక్తం ఇప్పిస్తానని మీటింగులో మాట ఇచ్చాడు. ముందుగా చేసిన పరీక్షల కాగితాలు పట్టుకుని వేలూరు ల్యాబు నుంచి పుష్పవల్లి వచ్చింది. ఆమె ఎదుట, చట్రంలో అగ్గిపుల్లలు పేర్చే పొన్నమ్మ. గుమ్మంలో మేస్త్రి వరదప్ప.

“ఇయ్యకూడదంటే ఇయ్యకూడదు పొన్నమ్మక్కా. ఎన్ని తూర్లు చెప్పేది?”

“ఎందుకు ఇయ్యకూడదో చెప్పు పాపా. ఆ కాగితంలో ఏముండాది?”

“ఇదో, ఈడ చూడు. ఎర్రకణాల లెక్క. ఆవగింజంత చుక్కలో నీకు ముప్పై ఒక్క లక్షలుండాయి. ఆడవాళ్లకు తక్కువలో తక్కువ ముప్పై ఎనిమిదన్నా ఉండల్ల.”

“లక్షలు లక్షలుగా ఉంటే ఇంకేం తక్కువమ్మా? మేస్త్రిని నేను చెప్తా ఉండా, సరిగ్గా ఉండాదని రాసుకో.”

“నువ్వు ఉండు వరదప్పన్నా. పాపా, ఆ కణాలు ఏం చేస్తాయి?”

“మనం పీల్చే గాలిని ఒళ్లంతా మోసేది అవే. తగ్గితే నాలుగడుగులకే ఆయాసం. లేస్తే కళ్లు తిరిగేది.”

“పోయిన నెల నా పక్కన పుల్లలు పేర్చే ముత్తమ్మ చట్రం మీదనే పడిపోయె. దొంగ ఏషమని నువ్వే గదన్నా చెప్పినావు?”

“అది... అది ఇప్పుడెందుకు? మొదలాళి చెప్పినాడు, నేను చెప్పినా.”

“నాకు ఎందుకు తగ్గినాయి పాపా?”

“ఈ లెక్క ఒక్కటే చూసి చెప్పలేమక్కా. కణాలు చిన్నవిగా ఉండాయి, హిమోగ్లోబిన్ కూడా తక్కువే. ఇనుము చాలనట్లుండాది. డాక్టరు చూసి చెప్పల్ల.”

“నా మాదిరి ఇంకా ఎంతమంది?”

“ఒకరిది ఒకరికి చెప్పకూడదు.”

“చెప్పొద్దులే. ఎవురి కాగితం వాళ్ల చేతికియ్యి. ల్యాబు సీలు ఏసి ఇయ్యి.”

“ఏం పాపా, కట్ట నా కాడ పెట్టు. మొదలాళి చూసినంక...”

“రక్తం ఎవురిదన్నా? మాది. కాగితమూ మాదే.”

“సీలు ఏసే ఉండాదక్కా. ఇందా నీది. మిగిలినోళ్లను పిలువు.”

“పొన్నమ్మా, ఆ కాగితాలతో ఏం చేస్తావు నువ్వు?”

“రేపు అందరమూ వేలూరు లేబర్ ఆఫీసుకు ఎత్తుకొని పోతాము.”

“నా మాట ఇను తల్లీ. నూరు బాటిళ్లని గోడలంతా పోస్టర్లు అంటించేసినారు. మొదలాళి మానం పోతాది. రక్తం తీసుకునే ముందు పరీక్ష చేయించమని ఆయన చెవిలో ఎవురు ఊదినారో ఏమో...”

“ఊదింది నేనే వరదప్పన్నా. మాకు డాక్టరును పిలిపించమని మూడేండ్లు అడిగినాము, పిలిపించలే. చెడ్డ రక్తం పోతే తలైవర్ ముందర మీ పేరు పోతాదయ్యా అని నేనే పోయి చెప్పినా.”